పోటు మీద కాదు, పాటు మీద తిప్పండి

గోదారి మీద పడవ షికారు అనగానే మనవాళ్ల నోట మొదట వచ్చే మాట పాపికొండలు. తెల్లారి లాంచీ ఎక్కడం, ఉప్మా తినడం, కొండల మధ్య ఫొటోలు దిగడం, పేరంటాలపల్లిలో శివుడికి ఒక దణ్ణం, చీకటి పడేసరికి ఇల్లు. అందులో తప్పేమీ లేదు. నేనూ వెళ్లాను, రేపు ఎవరైనా పిలిస్తే మళ్లీ వెళ్తాను. కానీ నదిలో బతికే ప్రాణులను చూడాలని పడవ ఎక్కేవాళ్లు రావాల్సింది ఆ పై కొసకు కాదు, ఈ కింది కొసకు. త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చిన గోదావరి ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలుతుంది. గౌతమి పాయ యానాం దాటి సముద్రంలో కలిసే చోట కాలువలూ బురదా చెట్లూ కలిసి ఒక మడ అడవి అల్లుకుంది. అదే కోరంగి. కాకినాడ నుంచి యానాం రోడ్డెక్కితే అరగంట దూరం. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

కాకినాడలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. అందుకే బంధువులు ఎవరొచ్చినా ‘మడ అడవి చూపించు’ అని నా ప్రాణం తీస్తారు. కిందటి కార్తీకంలో మా ఆడపడుచు కుటుంబం హైదరాబాదు నుంచి దిగింది. ఆదివారం, పెద్ద బోటు, పట్టినంతమంది జనం. బోటు ముందు భాగాన రెండు స్పీకర్లు. కాలువలోకి తిరగగానే బోటువాడు పాట మొదలెట్టాడు, మళ్లీ ఒడ్డుకు చేరేదాకా ఆపలేదు. రెండు పక్కలా ఆకుపచ్చ గోడలు, మధ్యన నీళ్లు. పిట్ట లేదు, పీత లేదు. దిగాక మా ఆడపడుచు మనవడు అడిగాడు: ‘బామ్మా, జంతువులు ఎక్కడున్నాయి?’ వాడికేం చెప్పను? ఉన్నాయి నాన్నా, నువ్వొచ్చిన వేళకు అవి సెలవు పెట్టాయి అన్నాను.

అది నవ్వులాటకు అన్నది కాదు. నేను ఈ వ్యాసం రాస్తున్నదే దాని గురించి. స్పీకరు ఒక రోగం, సరే. దానికంటే పెద్ద రోగం బోట్లు తిప్పే వేళ. పెద్ద బోటుకు నీళ్లు నిండుగా కావాలి. కాలువ నిండేది పోటు మీద. కాబట్టి జనాన్ని సరిగ్గా పోటు మీదే తిప్పుతారు. అడవి తన సరుకంతా సర్దేసి తలుపేసుకునే సమయం అదే.

పోటుపాట్ల సంగతి కోస్తావాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? రోజుకు రెండుసార్లు సముద్రం కాలువల్లోకి ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. చంద్రుడి లెక్క కాబట్టి ఇవాళ ఏడింటికి దిగిన నీరు రేపు సుమారు ఏడూ యాభైకి దిగుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ బాగా ఎక్కి బాగా లాగుతుంది, అష్టమి నవములకు మందంగా ఉంటుంది. చొల్లంగి అమావాస్యకు సాగరసంగమ స్నానానికి వెళ్లే ముసలమ్మలకు ఇది ఎవరూ పాఠం చెప్పలేదు, అయినా వాళ్లకు తెలుసు. నీళ్లు లాగినప్పుడు కాలువకు రెండు పక్కలా బురద బయటపడుతుంది. మడ అడవిలో వంటగది అదే. చేపా, పీతా, పురుగూ, వాటిని తినే పిట్టా, పిట్టనూ చేపనూ తినే పిల్లీ, అందరూ భోజనానికి దిగేది ఆ బురద మీదికే. పోటు వచ్చిందంటే వంటగది మునిగిపోతుంది. మనం టికెట్టు కొనుక్కుని వెళ్లి చూసేది మునిగిన వంటగది పైకప్పు.

పాటు మీద వెళ్తే ఏం కనిపిస్తుందో చెబుతాను. ఉద్యోగంలో ఉండగా నాకు ఒక వేటపడవ మనిషి తెలుసు. కాలేజీ పనుల మీద వెళ్లినప్పుడల్లా ఆయన నావే. పేరు రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. ఒక మాఘమాసపు ఉదయం పాటు బాగా నడుస్తుండగా ఆయన ఇంజను ఆపి, గెడ వేసి, నావను పిల్లకాలువలోకి నెట్టి, ఒక మలుపు దగ్గర బురదకు ఆనించేశాడు. గెడ నాటి తాడు చుట్టాడు. బీడీ కూడా ముట్టించలేదు. ‘కూకోండి మేడంగారూ, నీరు లాగనివ్వండి’ అన్నాడు.

నీరు లాగుతుంటే ముందు మడచెట్ల ఊపిరి వేర్లు తేలాయి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చి, వేలెడేసి ఎత్తున, వందలకొద్దీ నిలబడి ఉంటాయి. బురదలో గాలాడదు, కాబట్టి చెట్టు ఊపిరికి ముక్కు పైకి పెట్టుకుంటుంది. ఆ వేర్ల మధ్య బురద కదలడం మొదలైంది. కళ్లు నెత్తిమీద పెట్టుకున్న చిన్న చేపలు నీళ్లలోకి పోవాల్సింది పోయి, ముందు రెక్కల మీద పాక్కుంటూ గట్టెక్కాయి. ఒకటి ఇంకోదాని హద్దులోకి వచ్చిందేమో, రెండూ వీపు మీది రెక్కలు తెరచాపల్లా లేపి నోళ్లు తెరిచి ఎదురెదురుగా నిలబడ్డాయి. కొట్టుకోలేదు, ఒకటి తిరిగి వెళ్లిపోయింది. వాటి వెనక కన్నాల్లోంచి ఎర్రపీతలు వచ్చాయి. మగపీతకు ఒక డెక్క ఒంటిని మించి ఉంటుంది, రెండోది చిన్నది. చిన్నదానితో తింటూ పెద్దదాన్ని ఊపుతూ ఉంటుంది, దారినపోయే ఆడపీతల కోసం. మా క్లాసులో ఈ పాఠం చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో నవ్వులు వినిపించేవి.

పీతలు వచ్చాక పిట్టలు వచ్చాయి. ఉల్లంకులు గుంపుగా దిగి బురద మీద పరుగులు పెట్టాయి. వంపు తిరిగిన పొడుగు ముక్కు ఉన్న పెద్ద పిట్ట ఒకటి పీత కన్నంలోకి ముక్కంతా దించి, పీతను బయటికి లాగి, కాళ్లు ఊడిపోయేదాకా విదిలించి అప్పుడు మింగింది. ఇవన్నీ సైబీరియా వైపు నుంచి చలికాలం గడపడానికి వచ్చినవి. మళ్లీ వేసవికి అంతదూరం ఎగరాలంటే ఈ బురద మీద తిన్న తిండే ఇంధనం. పీత నోట్లో ఉండగా ఒక బోటు మోత పెట్టుకుంటూ వస్తే ఆ గుంపంతా లేచిపోతుంది. లేచిన ప్రతిసారీ తిన్నదాంట్లో కొంత ఎగరడానికే ఖర్చు. పాటు ఉండేది కొద్ది గంటలు. వాటికి మళ్లీ మళ్లీ లేచే స్తోమత లేదు.

అప్పుడు కాలువ మలుపులోంచి ఈలలు వినిపించాయి, చిన్నపిల్లలు పోట్లాడుకుంటున్నట్టు. నీటికుక్కలు. తల్లీ పిల్లలూ కలిసి వరసగా నీటికి అడ్డంగా ఈదుకుంటూ చేపలను మలుపులోకి తోలుకొస్తున్నాయి. ఒకటి కొయ్యింగ చేపను పట్టి గట్టుకు తెచ్చి, ముందు కాళ్ల మధ్య పెట్టుకుని తల దగ్గర్నుంచి కరకర నమిలింది. మేమున్నామని తెలుసు. తల ఎత్తి ఒకసారి చూసి, మళ్లీ తన పనిలో పడింది. నావ కదలనంతసేపూ మేము దానికి ఒక దుంగలాంటివాళ్లం.

‘దొంగ రాసికేలండీ బాబూ, నా వల నిండా సిల్లులెట్టింది ఇయ్యే’ అన్నాడు నావాయన.

‘మరి పనిగట్టుకుని తీసుకొచ్చి చూపిస్తావేం బాబాయ్?’

‘సూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కదండీ, ఆయ్.’

ఆ రెండు మాటలూ నిజమే. నీటికుక్క వలలో పడ్డ చేపను తినడానికి వల చింపేస్తుంది. చేపల చెరువుల గట్ల మీద దాన్ని చూస్తే రాయి తీసుకునేవాళ్లున్నారు, అంతకంటే పెద్దవి తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ చిరిగిన వలకు డబ్బిచ్చేది ఎవరు? అదే నీటికుక్కను చూపించి నావాయన నాలుగు రూపాయలు సంపాదించగలిగితే లెక్క మారుతుంది. ఇప్పుడు చూపించి సంపాదిస్తున్నది పెద్ద బోటు వాడు, చిరిగిన వల కుట్టుకుంటున్నది చిన్న నావ వాడు.

బావురుపిల్లి సంగతి చెప్పకపోతే కోరంగి వాళ్లు ఊరుకోరు. మామూలు పిల్లికి రెట్టింపు ఉంటుంది, ఒంటినిండా చుక్కలు, తోక పొట్టి, నీళ్లంటే భయం లేదు, చేపలు పట్టి తింటుంది. ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న జాతి, మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. బెంగాలు వాళ్లు దాన్ని రాష్ట్రజంతువు చేసుకున్నారు. మనకు అది ఉన్నట్టు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అది రాత్రి మనిషి కాబట్టి పగలు పడవ మీద వెళ్లి చూస్తామనే ఆశ పెట్టుకోకూడదు. చాలామటుకు అటవీశాఖ వాళ్లూ పరిశోధకులూ బురదగట్ల మీద పెట్టిన కెమెరాలకే చిక్కింది. అడుగులు మాత్రం పాటు మీద వెళ్లిన ఎవరికైనా కనిపిస్తాయి. పిల్లి నడిస్తే గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి బురదలో మెత్తలే పడతాయి. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. మెత్తటి బురద అయితే మెత్తల ముందు సన్నటి చుక్కల్లా గోటి గుర్తులు కూడా పడతాయి. పక్కనే నక్క అడుగులు. నక్కకూ గోళ్లు పడతాయి కానీ అడుగు కోలగా ఉంటుంది, పిల్లిది గుండ్రన. ఇది పుస్తకంలో చదివితే ఒక్క పేరా, బురద మీద చూస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. తరవాతి పోటు వచ్చి ఆ గుర్తులన్నీ తుడిచేస్తుంది. అప్పుడు మా ఆడపడుచు మనవడి బోటు వస్తుంది.

చెట్ల సంగతీ అంతే. మడ ఆకు తెంపి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది, వేరుతో తాగిన ఉప్పును ఆకు మీదికి కక్కుతుంది. పక్కనే ఉండే తిల్లచెట్టుతో మాత్రం ఆ సరదా వద్దు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఏది నాకవచ్చో, ఏది ముట్టకూడదో చెప్పే మనిషి పడవలో ఉండాలి. మైకులో సినిమా పాట చెప్పదు.

ఈ ఊరికి పడవల చరిత్ర తక్కువేమీ కాదు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఇక్కణ్ణించి కూలికి బర్మా వెళ్లిన మనవాళ్లను రంగూన్‌లో ‘కోరంగీలు’ అనే పిలిచేవాళ్లు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఆ రేవును ఊడ్చేసింది. కోస్తావాళ్లకు 1996 నవంబరు తుపాను కళ్లముందే ఉంది. ఉప్పెన దారిలో మడ అడవి నిలబడితే దాని ఊపు కొంతైనా విరుగుతుంది. ఆ అడవికి ఆధారం గోదారి మోసుకొచ్చే ఒండ్రు. పైన కట్టిన ప్రతి ఆనకట్టా కొంత ఒండ్రు ఆపుతుంది, సముద్రం తన వాటా తాను తీసుకుంటూనే ఉంటుంది. ఉప్పాడ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు దాని రుజువు అడుగడుగునా కనిపిస్తుంది. కాకినాడ రేవుకు అడ్డుగోడలా ఉన్న హోప్ ఐలాండ్ కూడా ఈ ఒండ్రూ ఇసకా పేర్చిందే, వయసు రెండు వందల ఏళ్ల చిల్లర. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసకలో గుడ్లు పెడతాయి. పెద్ద బోటు వేగంగా పోతే దాని అల వచ్చి కాలువగట్టును కొడుతుంది. బురద జారి నీళ్లలో పడటం నేను కళ్లారా చూశాను. నది రానురాను తక్కువ తెస్తోంది, మనం అల మీద అల పంపి ఉన్నది కూడా కరిగిస్తున్నాం.

వేరేచోట్ల ఏం చేస్తున్నారో చూద్దాం. దూరం పోనక్కర్లేదు, పక్కనున్న ఒడిశా చాలు. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అని ఒక ఊరుంది. ఒకప్పుడు పక్షుల వేటకు పేరుమోసిన ఊరు. ఆ వేటగాళ్లే ఇప్పుడు చిన్న నావలకు గెడ వేస్తూ వచ్చినవాళ్లకు పిట్టలు చూపిస్తున్నారు. పిట్ట ఎక్కడ నక్కుతుందో, ఎంత దగ్గరికి పోతే లేస్తుందో వేటాడినవాడికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఇంజను మోత ఉండదు, గెడ నీళ్లలో పడే చప్పుడే. భితర్‌కనికలో ఉప్పునీటి మొసళ్లు గూళ్లు పెట్టే కాలం, మే నుంచి జూలై దాకా, టూరిస్టులను అసలు రానివ్వరు. ‘మా ఆదాయం పోతుంది’ అని ఎవరూ గొడవ చెయ్యలేదా అంటే చేసే ఉంటారు. గేటు మాత్రం వేసే ఉంటుంది. మన సముద్రంలో కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్. చేప గుడ్లు పెట్టుకోవడానికని మరబోట్ల వాళ్లు రెండు నెలలు ఒడ్డున కూర్చుంటున్నారు. టూరిస్టు బోటు గంట ఆలస్యంగా కదిలితే కొంప మునుగుతుందా?

కొంప మునగడం అంటే గుర్తొచ్చింది, భద్రత. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో లాంచీ మునిగి యాభై మంది దాకా పోయారు. ఆ తరవాత నది వెంబడి కంట్రోల్ రూములు వచ్చాయి, లైఫ్ జాకెట్ల తనిఖీలు వచ్చాయి. మంచిదే. అందుకే చిన్న నావల మాట ఎత్తితే అధికారుల ముఖం మాడుతుంది. పెద్ద బోటు అయితే తనిఖీ చెయ్యడం సులువు, చిన్నవి పాతికుంటే ఎవరు చూస్తారు? ఆ కష్టం నిజమైనదే, కొట్టిపారెయ్యను. కానీ కచ్చులూరు దగ్గరి గోదారి వేరు, కోరంగి పిల్లకాలువ వేరు. పిల్లకాలువలో, పాటు మీద, జాకెట్టు వేసుకున్న ఆరుగురు, గెడ పట్టిన మనిషి, మునిగేంత నీళ్లుండవు. మహా అయితే బురదలో ఆనుకుని పోటొచ్చేదాకా కూర్చోవాలి. గాలివాన హెచ్చరిక ఉన్నరోజున, గోదారికి వరద ఉన్నరోజున పడవ కట్టకూడదు, అంతే.

‘నీళ్లు లేకుండా బోటెలా నడుస్తుందమ్మా?’ అని ఒక పెద్దమనిషి నన్ను ఒక సభలో అడిగారు. పూర్తిగా ఎండేదాకా ఆగమని నేననలేదు. నీరు లాగడం మొదలైన గంటకు బయల్దేరి, పాటు చివర మలుపులో ఆగి, పోటు మొదటి నీటి మీద తిరిగి రావడం. ఏటి మీద బతికేవాళ్లు రోజూ చేసే పనే. పెద్ద బోట్లను గౌతమి పాయలోనే ఉంచండి, అక్కడ నీళ్లకు కొదవ లేదు, గరుడపక్షులూ నీటికాకులూ దండిగా కనిపిస్తాయి. పిల్లకాలువలను గెడ నావలకు వదలండి. వేటకు పోయే కుటుంబాల్లోంచి కుర్రాళ్లను తీసుకుని, పిట్టల పేర్లు నేర్పి, టికెట్టు డబ్బులో వాళ్ల వాటా రాతపూర్వకంగా పెట్టండి. నిజానికి పిట్టల పేర్లు మనమే వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సి వస్తుంది, అది వేరే మాట. టికెట్టు ధర పెరుగుతుంది. పెరగనివ్వండి. కాలేజీ, బడి పిల్లలకు మాత్రం వారంలో రెండు రోజులు సగం ధరకు ఇవ్వండి.

ఇక కార్తీకం. మన వనభోజనాల కాలానికే ఈ వలస పిట్టలన్నీ వచ్చి దిగుతాయి. ఆదివారం బస్సులు, డీజేలు, ప్లాస్టిక్ గ్లాసులు సరిగ్గా అప్పుడే దిగుతాయి. వనభోజనాలు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పినా మా ఇంట్లోవాళ్లే వినరు. అయితే శాస్త్రం ప్రకారం ఆ భోజనం ఉసిరిచెట్టు కింద చెయ్యాలి కదా. మడ అడవిలో ఉసిరిచెట్టు పెరగదు. కాబట్టి విస్తళ్లు ఒడ్డునే వేసుకుందాం, పాటలూ అక్కడే పాడుకుందాం. తిన్నాక ఆరుగురు చొప్పున, స్పీకర్లు ఒడ్డున వదిలేసి, నావ ఎక్కుదాం. ఆ రోజు పాటు ఎన్నింటికో రోజూ మార్చి రాసే పలక ఒకటి టికెట్టు కౌంటరు పక్కన వేలాడదీయండి. పొద్దున్నే ఎవరైనా నావ మనిషిని అడిగితే గంట చెప్తాడు. ఆ అంకె వెయ్యడానికి ఒక సుద్దముక్క చాలు, టెండరు పిలవక్కర్లేదు.